పెరటి తలుపు: టెక్కలి, పలాస, ఉద్దానముల ప్రయాణము

యాత్ర యనగా మనకు కాశీ, రామేశ్వరము, తిరుపతి జ్ఞప్తికి వచ్చును. గోపురమును దర్శించి వచ్చినవారు పది దినములు దాని కథ చెప్పుదురు. ఒక యింటిని చూచుటకై ప్రయాణము కట్టినవారు అరుదు. మేము 2019 ఫిబ్రవరి మాసమున శ్రీకాకుళము జిల్లాకు పోయినది ఒక యింటిని చూచుటకే. దానికై పోయి, దారిలో ఉప్పుమడులను, పక్షులను, జీడిపప్పు కార్ఖానాలను, ఉద్దానపు తోటలను చూచితిమి. చదువరులైన సోదరీమణులకు ఆ సంగతులను వరుసగా మనవి చేయుదుము.

మా పెదతండ్రిగారి కుమార్తె పలాస నానుకొనియున్న కాశీబుగ్గలో కాపురమున్నది. ఆమె మాకంటె పదియేండ్లు పెద్ద. అక్కయ్య యనియే పిలుతుము. సంక్రాంతి వెళ్ళిన కొలది దినములకు ఆమె ఫోను చేసి, "ఇంటి విషయములో చిక్కు వచ్చిపడినదే, చెల్లీ. మీ బావగారిది ఒక మాట, మా మరిదిది ఒక మాట, తోడికోడలిది ఇంకొక మాట. మీ ఆయనను వెంటబెట్టుకొని ఒకసారి రా" అనెను. మావారు ఇంజనీరింగు శాఖలో ఓవర్సీయరుగా పనిచేసి విశ్రాంతిలో నున్నవారు. చుట్టములలో ఎవరు ఇల్లు కట్టినను, గోడ పగిలినను వారికే కబురు వచ్చును. మా అత్తగారు కూడ, "అది నేను పుట్టిన వైపు, నేనును వత్తును" అని బయలుదేరిరి.

విశాఖపట్టణమున ప్యాసెంజరు బండి యెక్కి, శ్రీకాకుళము రోడ్డు, తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడాలో దిగితిమి. స్టేషను దాటి సముద్రపు వైపునకు చూచినచో కన్ను సాగినంత మేర ఉప్పుమడులు. ఎండకు తెల్లగా పేరిన ఉప్పును గట్లమీద కుప్పలు పోసియుంచిరి. ఈ నౌపడానుండి పర్లాకిమిడికి 1900 సంవత్సరమున ఆ సంస్థానాధీశులు చిన్నరైలు వేయించిరి. మా అత్తగారు చిన్నతనమున ఆ బండిలో పోయినవారే. "కిటికీలోనుండి చేయి చాచి రేగుపండ్లు కోసికొనెడివారము" అని నవ్విరి. ఆ దారి యిప్పుడు పెద్దలైనుగా మారినది.

అచ్చటికి చేరువనే తేలినీలాపురమను పల్లె యున్నది. ఏటేట వానలు వెనుకబట్టు కాలమున గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును గుంపులు గుంపులుగా వచ్చి, ఊరి చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, వేసవికి ముందు వెళ్ళిపోవును. అవి సైబీరియానుండి వచ్చునని జనుల వాడుక. మేము పోయినపుడు పిల్లలకు రెక్కలు ముదురుచుండెను. చెట్టుక్రింద నిలువబోయినచో చేపల వాసన, రెట్టల వాసన. అయినను ఊరివారు వానిని తోలరు. "పురిటికి వచ్చిన ఆడపడుచులమ్మా, వెళ్ళిపొమ్మందుమా?" అని ఒక ముసలమ్మ చెప్పెను. పరాయివానికి చూరు క్రింద చోటిచ్చుట మన పల్లెలకు క్రొత్త గాదని మాకు అప్పుడు తోచెను. ఆ మాటయే మా ప్రయాణమంతటికిని నాంది యగునని మాత్రము తెలియదు.

టెక్కలిలో భోజనము చేసితిమి. ఈ ప్రాంతపు కొండలలో దొరకు నీలిచాయ గ్రానైటు రాయి దేశాంతరములకు పోవును. దారిప్రక్కన రాతిని కోయు కార్ఖానాలు, వానిలో పనిచేయుటకు దూరప్రాంతములనుండి వచ్చిన కూలీలు కనబడిరి. పని యున్నచోటికి మనుష్యులు వత్తురు. వచ్చిన మనుష్యులకు రాత్రి తలదాచుకొన గది కావలెను. ఆ గది యెచ్చటనుండి వచ్చుననునది ఎవరును అడుగరు.

టెక్కలినుండి పలాసకు బస్సులో పోవుచుండగా ఎడమవైపున మహేంద్రగిరి కొండలు నీలముగా కనబడినవి. కుడివైపు దృశ్యము చూచి మా అత్తగారు మాట మానిరి. అంతకు నాలుగు నెలల ముందు, 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము దాటెను. కొబ్బరిచెట్లు వేళ్ళతో పెకలించుకొని ఒకే దిక్కునకు తలలు పెట్టి పడియుండెను. నిలిచిన చెట్లకు మొవ్వులు విరిగిపోయెను. కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టునో తోట పెంచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పలాసకును కాశీబుగ్గకును నడుమ పొలిమేర యేదో క్రొత్తవారికి తెలియదు. రెండును కలిసి ఒకటే మునిసిపాలిటీ. ఊరిలో దిగగానే కాలిన జీడిపిక్కల వాసన ముక్కునకు సోకును. పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరిన పిమ్మట చేతిమరపై ఒకటొకటిగ పగులగొట్టి, పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైపొర వలిచి, పరిమాణమునుబట్టి వేరుచేయుదురు. 320 రకమనగా పౌనుకు సుమారు అన్ని పలుకులు తూగునని అర్థము. 180 రకము అన్నింటికంటె లావు. కొట్టుట, వలుచుట, ఏరుట విశేషముగా స్త్రీల పని. తొక్కలోని నూనె తగిలినచో చర్మము పొక్కును. మన పాయసములోని తెల్లని పలుకు వెనుక అట్టి నల్లని వ్రేళ్ళు కలవని మరువరాదు.

అక్కయ్య యిల్లు సందులో రెండవది. 1994లో ఆమె మామగారు ఇద్దరు కొడుకులకును కట్టించినది. ఒకే ప్లాను, ఒకే కప్పు, నడుమ ఒకే గోడ; అటు పెద్దకొడుకు, ఇటు చిన్నకొడుకు. నేడు పట్టణములలో డూప్లెక్సు అనిన లోపలనే మేడమెట్లున్న యిల్లని వాడుక. మేము చెప్పునది ఉమ్మడిగోడ నానుకొన్న జంట యిల్లు. 2009లో అన్నదమ్ములిద్దరును పైన మేడ వేసికొని అచ్చటికి కాపురము మార్చిరి. క్రిందిభాగమున తోడికోడలు తన సగమును కొట్టుగదిగా వాడుకొనుచుండెను. అక్కయ్య తన సగమును అద్దెకిచ్చెను. దానిని వారు కింది వాటా యందురు.

కింది వాటా యనుట కేవలము పేరునకు గాదు. కట్టిననాడు వీధినుండి మూడు మెట్లెక్కి అరుగుమీదికి పోయెడివారట. రోడ్డు వేసిన ప్రతిసారియు పాతదాని నెత్తిమీద క్రొత్తపొర. ఇరువదియైదేండ్లలో రోడ్డు పెరిగి యిల్లు పొట్టిదైనది. మేము వీధినుండి రెండు మెట్లు దిగి లోనికి పోవలసివచ్చెను. పట్టపగలు దీపము వెలుగుచుండెను. గోడలకు తొడలెత్తువరకు చెమ్మ చారలు. వెనుక గోడలో ఒకప్పుడు తలుపుండిన ఆనవాలు మాత్రము కనబడెను.

ఆ తలుపు ఏమైనదని మావారు అడిగిరి. జవాబు సిగ్గుతో వచ్చెను. ఇంటివెనుక రెండు సగములకును ఉమ్మడిగా రెండు గజముల ఖాళీజాగా ఉండెడిది. సెట్‌బ్యాకు అని ప్లానులో వదలుమని చెప్పు జాగా అదే. దానినుండి ప్రక్కసందులోనికి దారి తోడికోడలి వైపున ఉన్నది. ఆమె అచ్చట రేకులపాక వేసి, జీడిపప్పు పాకము, కొబ్బరిలౌజు చేసి దుకాణములకు అమ్ముచుండెను. దారి మూసికొనిపోగా, ఎచ్చటికిని పోని తలుపెందుకని అక్కయ్య దానిని ఇటుకలతో మూయించి స్నానాలగది చేయించెను. నాటినుండి కింది వాటాకు వీధితలుపు ఒక్కటే.

ఆ వాటాలో ఉన్నది వజ్రపుకొత్తూరు మండలపు పల్లెనుండి వచ్చిన ఒక సంసారము. ఆమె జీడిపప్పు కార్ఖానాలో పని చేయును. భర్తకు ఉద్దానములో ఎందరినో పీడించు మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిసు చేయించుకొనవలెను. పల్లెనుండి ప్రతిసారి వచ్చి పోలేక ఆస్పత్రికి దగ్గరగా గది తీసికొనిరి. పిల్లలిద్దరు.

తిత్లీ నాటి రాత్రి సంగతి ఆమెయే చెప్పెను. గాలికి ఎదురింటి రేకులు ఎగిరివచ్చి వీధిగుమ్మమునకు అడ్డముపడెను. వాననీరు మెట్లమీదుగా లోనికి దిగెను. దీపము పోయెను. భర్తను మంచముమీద నిలిపి, పిల్లలను గట్టుమీద కూర్చుండబెట్టి, మోకాలిలోతు నీటిలో నిలిచి రోకలితో పైకప్పును పొడిచెనట. మేడమీద గాలిహోరులో ఆ చప్పుడు చాలసేపటివరకు తెలియలేదు. తెలిసిన పిమ్మట అక్కయ్య మరిది వానలో దిగి రేకులను లాగివేసెను. ఎవరికిని ప్రాణాపాయము కాలేదు. అయినను అక్కయ్యకు నాటినుండి నిద్రలేదు. "రోకటిపోటు ఇప్పటికిని పాదముల క్రింద వినబడుచున్నదే" అని మాతో అనెను.

చిక్కు యేమనగా, అనుమతి పొందిన ప్లానులో ఆ యిల్లు రెండు కుటుంబములకు మాత్రమే. మేడకు అనుమతి లేదు. వెనుక పాకకు లేదు. క్రింద మూడవ కాపురమున్నట్లు ఏ కాగితమునను లేదు. 2019 జనవరిలో ప్రభుత్వము భవనముల క్రమబద్ధీకరణ పథకమును ప్రకటించెను. బీ.పీ.ఎస్. అని జనులందురు. అనుమతి లేకయో, ప్లానును మీరియో కట్టినవారు అర్జీ పెట్టుకొని, మీరిన కొలతనుబట్టి అపరాధరుసుము చెల్లించినచో కట్టడమును చట్టబద్ధము చేయుదురు. ప్రభుత్వభూములలో, చెరువులలో, కాలువలపై కట్టినవానికి ఈ మన్నింపు లేదు.

బావగారు, "మేడకు మాత్రము అర్జీ పెట్టెదము. క్రింద సామానుగది యని వ్రాయుదము. తనిఖీ జరుగువరకు వారిని ఖాళీ చేయించిన చాలును" అనిరి. మరిది, "ఇప్పుడేల? 2007లో ఒకమారు, 2015లో ఒకమారు, ఇది మూడవమారు. పండ్రెండేండ్లలో మూడుసార్లు మన్నించినవారు మరల మన్నింపకపోవుదురా?" అనెను. తోడికోడలు, "ఆమె తలుపు తెరుచుటకు నా పొయ్యి ఆర్పవలెనా? నెలకు నాలుగు రాళ్ళు నా చేతికి వచ్చునది ఆ పాకలోనే గదా" అని కన్నీరు పెట్టుకొనెను. నలుగురి మాటలలోను ఎంతోకొంత న్యాయము కలదు. కింది వాటా ఆమె మాత్రము గుమ్మమున నిలిచి, "మాకేటమ్మా, కాయితాలోళ్ళొచ్చి ఎలిపొమ్మంతారేమోనని బెంగ. ఎలిపోతే ఆయన్ని అట్టుకుని ఎక్కడికెల్తాను?" అనెను.

మావారు అందరి మాటలును విని, "రుసుము చెల్లించిన కాగితము మారును, నేల లేచునా? కిటికీ మొలచునా?" అని మాత్రము అడిగిరి. మరియొక మాట చెప్పిరి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక పల్లమున నిలుచును. దిగుడుగదిలో, కిటికీ లేనిచోట, అది నిప్పునకై కాచుకొనియుండును. మన రాష్ట్రపు నిబంధనలలో భూమిలోపలి సెల్లారును బండ్లు నిలుపుటకే గాని కాపురమునకు ఒప్పకపోవుటకు ఇట్టి కారణములే మూలము. ఈ యింటి కింది వాటా సెల్లారుగా కట్టినది గాదు. రోడ్డు దానిని సెల్లారుగా చేసినది.

ఆ రాత్రి ఏమియు తేలలేదు. మరునాడు ఆదివారము. కింది వాటా ఆమె అత్తను చూచుటకు పల్లెకు పోవుచున్నదని విని, మేమును వెంట పోయితిమి.

ఉద్యానవనము అను మాటయే వాడుకలో ఉద్దానమైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు సముద్రము ఒడ్డువరకు దట్టముగా ఉండెడివి. అట్టి పేరుగల సీమ తుపానుతో తల గొరిగించుకొన్నట్లుండెను. పడిన పనసచెట్ల మొదళ్ళనుండి అప్పుడే చివుళ్ళు వచ్చుచుండెను. ఈ నేలను పట్టిన కిడ్నీ జబ్బునకు నీరు, ఎండ, పురుగుమందులు మొదలగు పలు అనుమానములు చెప్పుదురు గాని, కారణమిదియేయని ఇంతవరకు తేలలేదు. దాదాపు ప్రతి వీధిలోను ఒక యింటి పేరు చెప్పి ఆమె వ్రేలు చూపుచుండెను.

వారి పల్లె సముద్రమునకు రెండు మైళ్ళ దూరమున నున్నది. ఒకటే పొడుగాటి వీధి. రెండు ప్రక్కలను ఇండ్లు గోడకు గోడ ఆనుకొని, బారులుగా నున్నవి. వెడల్పు రెండు మంచములంత. పొడవు మాత్రము చాలనున్నది. ముందు అరుగు, తరువాత నడవ, నట్టిల్లు, వంటిల్లు, పిమ్మట పెరడు. వీధిగుమ్మమున నిలిచినచో తలుపులన్నియు ఒకే వరుసను తెరచుకొని, పెరటిలోని నూతిగట్టు కనబడును. సముద్రపుగాలి ఒకవైపున వచ్చి ఇంకొకవైపున పోవును. వారి పైకప్పు సగము పోయి, దానిపై టార్పాలిను పరచియుండెను. ఆ నీడలోనే ముసలమ్మ పనసపొట్టు కూర ఆవపెట్టి చేసి మాకు వడ్డించెను. అట్టి రుచి మేము పట్టణమున ఎరుగము.

మా అత్తగారు అరుగుమీద కూర్చుండి ముసలమ్మను అడిగిరి: "అన్నదమ్ములు పంచుకొన్నపుడు ఇల్లెట్లు కోయుదురు?" ఆమె చేతితో గాలిలో నిలువుగా గీత గీసి, "ఇలాగమ్మా. అడ్డంగా కోస్తే ఒకడికి ఈది పోద్ది, ఒకడికి పెరడు పోద్ది. ఈది లేనోడు బతుకుతాడేటి? పెరడు లేనిది ఆడది బతుకుద్దేటి?" అనెను.

మా అత్తగారు దారిపొడుగునను మాటాడలేదు. ఇల్లు చేరి కాళ్ళు కడుగుకొని అక్కయ్యను, తోడికోడలిని చెరియొక ప్రక్క కూర్చుండబెట్టుకొనిరి. "అమ్మాయీ, ఆ పల్లెలో చదువులేని ముసలిది, ఎంత సన్నని వాటాకైనను రెండు తలుపులుండవలెనని చెప్పినది. మీ మామగారు ఇల్లు కట్టినపుడు రెండు తలుపులు పెట్టెను. మీరు మేడ యెక్కిన తరువాత క్రింద ఒకటి మూసితిరి. ప్రభుత్వము మన్నించునో లేదో మీ మగవారు చూచుకొందురు. తలుపు సంగతి మనది" అనిరి.

సోదరీమణులారా, చట్టమనిన ఎచ్చటనో కచ్చేరిలో నుండునని మనము తలచెదము. ఆ సాయంకాలము అది వంటింటిలో ఇద్దరు తోడికోడండ్ర నడుమ కూర్చుండెను. జంట యింటిలో ఒక సగము సరిచేయవలెననిన రెండవ సగము ఒప్పవలెను. అక్కయ్య తన వైపు వీధి అరుగును తోడికోడలికి మిఠాయిల అమ్మకమునకై విడిచెను. తోడికోడలు పాకను తీసి పొయ్యిని మేడమీది వెనుకగదికి మార్చుకొనుటకు ఒప్పుకొనెను. వెనుక ఖాళీజాగా మరల ఖాళీ ఆయెను. ఆ వైపు మూసిన తలుపు తెరచి, దాని ప్రక్కన ఆకాశము కనబడు కిటికీ పెట్టిరి. పాతకాలపు కప్పు పదునొకండు అడుగుల ఎత్తుండుటచే, లోపల అడుగున్నర మన్ను నింపి గచ్చు చేయించినను తొమ్మిదిన్నర అడుగులు మిగిలెను. నేల రోడ్డునకు పైకి వచ్చెను. కరెంటునకు వేరు స్విచ్చుపెట్టె, వాటాకు వేరు మరుగుదొడ్డి ఏర్పడెను. తరువాతనే అర్జీ. అందులో మేడను, క్రింది మూడవ కాపురమును ఉన్నదున్నట్లు వ్రాసిరి. కింది వాటా ఆమె పేర అద్దె ఒడంబడిక కాగితమును వ్రాసి యిచ్చిరి.

ఇందులో నష్టము లేదని మేము చెప్పము. ఖర్చునకు బంగారము కుదువబెట్టిరి. అద్దె కొంచెము పెంచవలసివచ్చెను. అది జీడిపిక్కలు కొట్టు చేతులకు బరువే.

మరల మేము అచ్చటికి పోయినది 2024 కార్తికమాసమున. ఈ అయిదేండ్లలో ఆ ప్రాంతము చాల మారినది. 2022లో పలాస రెవిన్యూ డివిజను కేంద్రమైనది. 2023 ఏప్రిలులో సంతబొమ్మాళి మండలపు మూలపేట వద్ద ఓడరేవు పనులకు శంకుస్థాపన జరిగినది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆస్పత్రిని, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు నీరు తెచ్చు పథకమును ప్రారంభించిరి. మంచి పనులే. కాని రోగికి పడక దొరికినను, తోడువచ్చిన భార్యకు గది కావలెను. రేవులో కూలికి పని దొరికినను, రాత్రికి చోటు కావలెను. ఊరిలో అద్దె బోర్డులు కనబడని సందు లేదు. మెట్లక్రింద, కొట్టుగదులలో, రోడ్డునకు దిగువను, ఎన్నియో క్రొత్త పొయ్యిలు వెలుగుచుండెను.

అక్కసెల్లెండ్ర కబుర్లలో కింది వాటా సంగతి తెలిసెను. ఆమె భర్త 2022లో కాలము చేసెను. మన ఊళ్ళలో అద్దెయింట మరణము సంభవించినచో ఏమి జరుగునో మీకు తెలియనిది గాదు. శవమును గడప దాటనీయరు; దినకర్మలకు ఒప్పుకొనరు; ముండమోసిన దానిని నెల తిరుగకుండ ఖాళీ చేయుమందురు. ఆనాడు ఇరుగుపొరుగువారును, బావగారును గూడ, "ఆస్పత్రినుండి తిన్నగా పల్లెకు తీసికొనిపొమ్మని చెప్పుము" అనిరట. అక్కయ్య బీరువానుండి ఒడంబడిక తీసి చూపి, "ఇది ఆమె యిల్లని మనము వ్రాసి యిచ్చితిమి. ఆమె యింటికి ఆమె మగనిని తెచ్చుకొనును" అనెనట. పెరటితలుపు తెరచి, ఆ ఖాళీజాగాలోనే స్నానము చేయించి సాగనంపిరి. పదునొకండు దినములును అచ్చటనే జరిగెను. నీళ్ళు కాచి యిచ్చినది తోడికోడలు.

"కాయితం ఉండబట్టి ఎలిపొమ్మనలేదు గదమ్మా" అని ఆమె మాతో అనెను. "కాగితమునకు కాదు, నీకే" అని అక్కయ్య అనెను. రెండును నిజమే యని మాకు తోచెను. దయ కలిగిన యజమానురాలు ఎల్లప్పుడు ఉండదు, కాగితము ఉండును. కాగితము మాత్రమే యుండి దయలేనిచో అది గోడకు కొట్టిన మేకు.

అక్కయ్య పెద్దకుమార్తె కెనడా దేశమున, బ్రిటిషు కొలంబియా రాష్ట్రపు సర్రే పట్టణమున నున్నది. ఆ దేశమునకు పోయిన క్రొత్తలో ఆమెయు ఒకరింటి క్రిందిభాగమున అద్దెకుండెను. చలిదేశములలో పునాది లోతుగా తీయుదురు గనుక ఇంటిక్రింద సగము భూమిలో నుండు గదులేర్పడును. వానిని బేస్‌మెంటు లందురు. అనుమతి లేకయే వేలకొలది కుటుంబములు వానిలో కాపురముండెను. తొలగించిన వారెచ్చటికి పోవుదురు? అందుచే సర్రే పట్టణపు పాలకసభ 2010లో విడియిండ్లలో వానిని చట్టబద్ధము చేసెను. 2019 డిసెంబరునుండి ఆ రాష్ట్రపు కట్టడనిబంధనలు జంట యిండ్లలోను అట్టి మూడవ వాటాలను అనుమతించినవి. అయితే ఊరక అనుమతింపలేదు. వేరు ద్వారము, పొగ పసికట్టి కూయు యంత్రము, నిప్పును కొంతసేపు ఆపు గోడయు కప్పును ఉండవలెను. పడకగదికి, మనిషి దూరి బయటపడుటకు 0.35 చదరపు మీటరుకు తగ్గని, ఏ వైపునను 38 సెంటీమీటర్లకు తగ్గని కిటికీ ఉండవలెను. ఇది విని మా అత్తగారు, "అయితే ఆ దొరలకును పెరటితలుపు సంగతి తెలియునన్నమాట" అనిరి.

అది తెలియనిచోట ఏమి జరుగునో చెప్పుటకు రెండు ఉదాహరణములు చాలును. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు న్యూయార్కు నగరమున 13 మంది మరణించిరి. వారిలో 11 మంది బేస్‌మెంటు కాపురములవారు. 2024 జూలై 27న ఢిల్లీలో, సామానులకని అనుమతి పొందిన సెల్లారును చదువుగదిగా వాడుకొనుచుండగా వరదనీరు చొచ్చి ముగ్గురు విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఎవరును వానిని గదులుగా లెక్కించలేదు గనుక ఎవరును వానికి రెండవ తలుపు ఉన్నదా యని అడుగలేదు.

కావున అద్దెకిచ్చు సోదరీమణులకు మా మనవి. మీ కింది వాటాను దాచకుడు. దాచిన గదికి కిటికీ పెట్టుటకు కూడ భయపడవలసివచ్చును. నేల రోడ్డునకు పైగా నున్నదా, పొగ పోవుటకు దారి యున్నదా, ఒక తలుపు మూసుకొనిపోయిన రెండవది యున్నదా యని మీరే మొదట చూచుకొనుడు. ఉమ్మడిగోడ అవతలి తోడికోడలితో మాటాడుడు. పిమ్మట కాగితమునకు పొండు. పాలించువారికి కూడ ఒక మాట: కొలత మీరినదానికి రుసుము కట్టించుకొనునపుడు, లోపల నిద్రించువారు బయటపడు దారి కూడ చూపుమని అడిగినచో ఆ మన్నింపు సార్థకమగును.

మేము బయలుదేరునాడు కార్తిక సోమవారము. తోడికోడలు, "మెట్లెక్కి దిగలేక మోకాళ్ళు పోవుచున్నవి, ఇదంతయు మీ అత్తగారి చలువ" అని మాతో దెప్పుచునే కొబ్బరిలౌజు పొట్లము కట్టి యిచ్చెను. ఉదయము చీకటితోనే కింది వాటా ఆమె కార్ఖానాకు పోబోవుచు, వీధిగుమ్మమున ఒక దీపము పెట్టి, లోనికి పోయి పెరటి గడపమీద రెండవ దీపము పెట్టెను. వీధిలో నిలిచి చూచిన మాకు రెండును ఒకే వరుసను కనబడెను.